ఆగిన చోటు మరచిపోని ఫంక్షన్

"అక్కా, అసింక్ పెడితే కోడ్ స్పీడవుతుంది కదా?" మా టీములో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు నన్నడిగే ప్రశ్న ఇది. అవదు అంటాను. ఒక్క లైను కూడా ఒక్క నానోసెకను ముందుగా పూర్తవదు. పాపం, వాళ్ల మొహాలు చిన్నబోతాయి. అప్పుడు మా సర్వరు ఒక సెకనులో ఏమేం చేసిందో వాళ్ల చేతే గ్రాఫు తీయిస్తాను. దాదాపుగా ఏమీ చేయలేదని తేలుతుంది. ఎదురుచూస్తూ కూర్చుంది, అంతే.

నేను పనిచేసేది బస్సు టికెట్లు అమ్మే ఒక సైటులో. సంక్రాంతి ముందు రోజు హైదరాబాదు నుంచి విజయవాడకు సీట్లున్నాయా అని మీరు వెతికారనుకోండి. మా ప్రోగ్రాము పదిహేను ఇరవై మంది ఆపరేటర్ల కంప్యూటర్లను విడివిడిగా అడుగుతుంది. ఒకరు వెంటనే చెబుతారు. ఒకరికి రెండు సెకన్లు పడుతుంది. ఇంకొకరి సర్వరు పండగ రద్దీకి చేతులెత్తేసి ఉంటుంది. వచ్చిన జవాబులను ధరల వారీగా పేర్చడమే మా ప్రాసెసరు చేసే అసలు పని. అది కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. మిగతా సమయమంతా ఖాళీయే.

ఆ ఖాళీ చిన్నదేం కాదు. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి అమెరికా తూర్పు తీరానికి నేరుగా కొలిచినా సుమారు 13 వేల కిలోమీటర్లు. అక్కడున్న సర్వర్ని ఒక్క మాట అడిగి జవాబు తెచ్చుకోవాలంటే, దారిలో ఎవరూ రవ్వంత ఆలస్యం చేయకపోయినా 130 మిల్లీసెకన్లు పడుతుంది. గాజు తీగలో పోయినంతకాలం ఎంత డబ్బు పోసినా అది తగ్గదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు గడియారం ఆ వ్యవధిలో 39 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఒక్క ప్రశ్న కోసం అన్ని టిక్కులూ వృథా.

ఈ ఖాళీని వాడుకోవడానికి పాతకాలం నుంచీ ఉన్న దారి థ్రెడ్లు. ఒక్కో ఎదురుచూపుకు ఒక్కో థ్రెడ్ కేటాయిస్తే, ఒకటి ఆగినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకోదాన్ని నడుపుతుంది. వందల్లో ఉన్నంతవరకు ఇది హాయిగానే సాగుతుంది. కానీ లినక్స్‌లో ఒక్కో థ్రెడ్ స్టాకుకు మామూలుగా 8 ఎంబీ అడ్రసు స్థలం పక్కన పెడతారు. వాడినంత మేరకే మెమరీ ఖర్చయ్యే మాట నిజమే. అయినా వేలల్లోకి వెళ్లేసరికి మెమరీతోపాటు ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి మారే ఖర్చు కూడా మీదపడుతుంది. ఒక సర్వరు ఒకేసారి పదివేల మందికి ఎలా జవాబు చెప్పగలదన్న ప్రశ్నను 1999లో డాన్ కెగెల్ అనే ఇంజనీరు గట్టిగా లేవనెత్తాడు. అప్పటినుంచి దానికి సీ10కే సమస్య అనే పేరు స్థిరపడింది.

ఇంకో దారి కాల్‌బ్యాక్. "జవాబు వచ్చాక ఈ ఫంక్షన్ని పిలువు" అని చెప్పేసి మన దారిన మనం పోవడం. 2009లో వచ్చిన నోడ్ జేఎస్ ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. సర్వర్లు నిజంగానే తేలికపడ్డాయి. చదివేవాళ్లకు మాత్రం నరకం. లాగిన్ అయ్యాక టికెట్, టికెట్ అయ్యాక పేమెంట్, పేమెంట్ అయ్యాక ఎస్సెమ్మెస్ అని వరసగా చెప్పాల్సిన కథ ఒకదాని కడుపులో ఒకటిగా దూరి, కోడు స్క్రీను కుడి అంచుకు జరిగిపోయేది. తప్పు జరిగితే పట్టుకుందామన్నా, పని అప్పగించిన ఫంక్షన్ అప్పటికే ముగిసిపోయి ఉండేది.

అసలు చిక్కంతా మామూలు ఫంక్షన్ స్వభావంలోనే ఉంది. పిలిస్తే మొదటి లైను నుంచి మొదలుపెడుతుంది. చివరికి వెళుతుంది, జవాబిస్తుంది, తన లోపలి లెక్కలన్నీ మరచిపోతుంది. మళ్లీ పిలిస్తే మళ్లీ మొదటినుంచే. మధ్యలో ఆగి, పక్కకు తప్పుకుని, తర్వాత వచ్చి అక్కడినుంచే కొనసాగడం దానికి చేతకాదు. అది చేతనైన ఫంక్షనే కోరూటీన్.

చిన్నప్పుడు మా ఊళ్లో రామాలయం ముందు బుర్రకథ చెప్పించేవారు. కథకుడు యుద్ధం మంచి పట్టులో ఉండగా టక్కున ఆగేవాడు. పక్కనున్న హాస్యగాడు అందుకుని కరెంటు ఆఫీసు వాళ్ల మీద నాలుగు చెణుకులు విసిరేవాడు. రెండోపక్క వంతగాడు రాజకీయం ఎత్తుకునేవాడు. మళ్లీ తంబుర మోగగానే కథకుడు ఏ మాట దగ్గర వదిలాడో ఆ మాట దగ్గరే పట్టుకునేవాడు; కథ మొదటికి వెళ్లేవాడు కాడు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడేదీ లేదు, ఒకరు గద్దిస్తే ఇంకొకరు నోరు మూసుకునేదీ లేదు. ఎవరి వంతు వాళ్లు వాడుకుని, తమంతట తామే పక్కవాడికి వదిలేవారు. కోరూటీన్లు నడిచేదీ అచ్చం ఇలాగే. థ్రెడ్డుకూ దీనికీ ఉన్న తేడా ఆ చివరి మాటలో ఉంది. థ్రెడ్ని ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడ పడితే అక్కడ ఆపేస్తుంది. కోరూటీన్ మాత్రం తాను ఆగదలచుకున్న చోటే ఆగుతుంది.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన ఫ్యాషననుకుంటారు మా పిల్లలు. మెల్విన్ కాన్వే ఈ పేరు పెట్టింది 1958లో. 1963 జూలైలో 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం' పత్రికలో దీన్ని వివరిస్తూ వ్యాసం రాశాడు. (ఒక సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో ఆ సంస్థ తయారుచేసే సాఫ్ట్‌వేరు కూడా అలాగే ఉంటుందని మేనేజర్లు మీటింగుల్లో వల్లించే 'కాన్వే సూత్రం' కూడా ఈయనదే. ఈ సంగతి చెబితే నమ్మరు.) ఆయన ముందున్న పని కోబాల్ కంపైలరు రాయడం. ఆ రోజుల్లో కంపైలరు అంటే అంచెలంచెల వ్యవహారం. మొదటి అంచె అక్షరాలు చదివి మాటలుగా విడదీసి అయస్కాంత టేపు మీద రాస్తుంది. రెండో అంచె ఆ టేపును మొదటినుంచి చదివి వాక్యాలు గుర్తిస్తుంది, ఇంకో టేపు మీద రాస్తుంది. టేపు తిరిగినంతసేపూ మిషను పడిగాపులు.

అంచెలన్నిటినీ ఒకేసారి నిలబెడితే ఏం పోయింది అన్నాడు కాన్వే. మాటలు విడదీసే ముక్క ఒక మాట తయారుకాగానే ఆగుతుంది. వాక్యం గుర్తించే ముక్క ఆ మాట అందుకుని తన పని తాను చేసుకుంటుంది, ఇంకో మాట కావలసినప్పుడు ఆగుతుంది. మొదటిది లేచి, వదిలిన అక్షరం దగ్గరినుంచి మళ్లీ చదువుతుంది. ఏ ముక్క దృష్టిలో చూసినా తానే ముఖ్య ప్రోగ్రాము, రెండోది తన చేతికింది పనిమనిషి. ఇంకో సౌకర్యం కూడా ఉంది. మిషను చిన్నదై అన్ని ముక్కలూ మెమరీలో పట్టకపోతే, ముక్కలను మార్చకుండా మధ్యలో టేపు పెట్టి విడివిడిగా నడుపుకోవచ్చు. పెద్ద మిషనులో అదే కంపైలరు ఒక్క చుట్టులో పని ముగిస్తుంది.

టోనీ హోర్ 1978లో రాసిన ప్రసిద్ధమైన వ్యాసంలో 'కాన్వే సమస్య' అంటూ ఒక చిన్న లెక్క ఉంది. కోరూటీన్లు ఎందుకో తెలియాలంటే దాన్ని మించినది నాకింతవరకు కనబడలేదు. 80 అక్షరాలు పట్టే పంచ్ కార్డులు వరసగా వస్తుంటాయి. ఒక్కో కార్డు తర్వాత ఒక ఖాళీ చేర్చాలి. రెండు నక్షత్రం గుర్తులు పక్కపక్కన వస్తే వాటి బదులు ఒక పైబాణం గుర్తు పెట్టాలి. చివరికి లైనుకు 125 అక్షరాల చొప్పున అచ్చు వేయాలి. వినడానికి చిన్న పనే. రాయబోతే తెలుస్తుంది. చదివేవాడి తాళం ఎనభై, అచ్చువేసేవాడి తాళం నూటపాతిక. మధ్యవాడికి ఒక నక్షత్రం చేతికొస్తే, తర్వాతి అక్షరం చూస్తే గానీ ఏది ముందుకు పంపాలో తెలియదు. అన్నీ ఒకే లూపులో కలిపి రాయబోతే ఎక్కడ చూసినా గుర్తుపెట్టుకునే ఫ్లాగులే: కార్డులో ఎన్నో అక్షరంలో ఉన్నాం, లైనులో ఎన్ని నిండాయి, ఇందాకటిది నక్షత్రమేనా. మూడు కోరూటీన్లుగా విడదీస్తే ఆ ఫ్లాగులు మాయమవుతాయి. ఎవరెక్కడ ఆగారన్నదే వాళ్ల జ్ఞాపకం.

డొనాల్డ్ నూత్ 1968లో తన మహాగ్రంథం మొదటి సంపుటంలోనే దీనికి ఒక విభాగం కేటాయించాడు. నార్వేలో పుట్టిన సిమ్యులా 67లో ఇది ఉంది. బ్రెజిల్లో పుట్టిన లువా భాష 2003లో దీన్ని ఒంటబట్టించుకుని వీడియోగేముల్లోకి తీసుకెళ్లింది. అయినా సీ, జావా చదువుకున్న మా తరం చాలామందికి కాలేజీలో ఈ మాటే వినబడలేదు. ఒకటి పిలిస్తే ఇంకోటి, అది ముగిశాకే మొదటిది అనే స్టాకు పద్ధతి ఎంత సులువంటే, ఇంకోలా ఉండొచ్చన్న ఊహే రాలేదు.

నాకు ఈ ఊహ పరిచయమైంది పైథాన్‌లో, అదీ ఎదురుచూపుల వల్ల కాదు, పెద్ద ఫైళ్ల వల్ల. 2001 చివర్లో వచ్చిన పైథాన్ 2.2లో ఈల్డ్ అనే మాట చేరింది. ఫంక్షన్ మధ్యలో ఈల్డ్ అని రాస్తే, అక్కడ ఒక విలువ బయటికిచ్చి ఆగిపోతుంది. ఇంకోటి అడిగితే అక్కడినుంచే లేస్తుంది. ఇలాంటి ఫంక్షన్ను జనరేటర్ అంటారు. అడిగితే తప్ప లెక్కచేయని విలువల వరస తయారవుతుంది కాబట్టి దాన్ని లేజీ సీక్వెన్స్ అన్నారు.

ఉపయోగం చూడండి. మా సైటులో ఒక రోజు జరిగినదంతా రాసుకునే లాగ్ ఫైలు ల్యాప్‌టాప్ మెమరీలో పట్టదు. అందులో డబ్బు కట్ అయి టికెట్ రాని మొదటి పది ఘటనలు వెతకాలి. ఫైలు లైన్లుగా ఇచ్చే జనరేటర్ ఒకటి, పేమెంటు లైన్లనే వడకట్టేది ఒకటి, వాటిలోంచి ఆపరేటరు పేరు తీసేది ఒకటి. చివర్లో పది చాలు అనే చిన్న ముక్క. చివరిది అడిగితే దాని వెనుకది లేస్తుంది, అది అడిగితే దాని వెనుకది. ఏ క్షణంలో చూసినా మెమరీలో ఉండేది దాదాపు ఒక్క లైనే. పదో ఘటన దొరకగానే అడగడం ఆగుతుంది; ఫైల్లో మిగతా భాగాన్ని ఎవరూ చదవరు. పైగా వరసకు చివరంటూ ఉండక్కర్లేదు. ప్రధాన సంఖ్యలన్నీ ఇచ్చే జనరేటర్ రాయొచ్చు, అడిగినన్నే పుడతాయి.

కొత్తవాళ్లు తికమకపడేది నడిచే క్రమం దగ్గర. ముందు వడపోత మొత్తం అయిపోయి, తర్వాత పేర్లు తీయడం మొదలవుతుందనుకుంటారు. ప్రతి ముక్కలో ఒక ప్రింట్ పెట్టించి నడిపిస్తే మొదటి లైను మూడు ముక్కలనూ దాటాక రెండో లైను కదులుతుంది. అది కళ్లారా చూశాక సందేహం ఉండదు. ఇంకో మాయ: జనరేటర్ ఒక్కసారికే. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, తర్వాత అదే వరసను మళ్లీ లూపులో తిప్పితే ఒక్కటీ రాదు, ఎర్రరూ రాదు. ఫైలు మూసేశాక వరసను అడిగితే తప్పు ఎక్కడో వంద లైన్ల అవతల బయటపడుతుంది. వంద వరసల పట్టికకు కూడా లేజీ అంటూ వెంటపడేవాళ్లతో నాకు పేచీ. చిన్నదైతే మామూలు లిస్టు చేసుకోండి, మీ ఆరోగ్యానికే మంచిది.

ఇక్కడినుంచి ఎదురుచూపుల దగ్గరికి ఒక్క అడుగు. ఆగిన ఫంక్షన్ పగ్గాలు ఎవరికిస్తుందన్నదే తేడా. లేజీ వరసలో విలువ అడిగినవాడికి ఇస్తుంది. అసింక్‌లో ఈవెంట్ లూప్ అనే కాపలాదారుకు ఇస్తుంది: "నాకు ఫలానా ఆపరేటరు జవాబు రావాలి, రాగానే లేపు" అని. కాపలాదారు ఆలోపు జవాబు వచ్చిన ఇంకో కోరూటీన్ని లేపుతుంది. పైథాన్ ఈ అడుగు వేసిన తీరు ముచ్చటగా ఉంటుంది. 2006లో జనరేటర్లోకి బయటినుంచి విలువ పంపే వీలు కల్పించారు. 2014లో అసింక్ఐఓ లైబ్రరీ జనరేటర్ల మీదే నిలబడింది. 2015లో పైథాన్ 3.5లో అసింక్, అవెయిట్ అనే సొంత మాటలొచ్చాయి. ఈ రెండు మాటలనూ అంతకుముందే, 2012లో, సీ షార్ప్ 5.0 జనంలోకి తెచ్చింది.

లైబ్రరీకీ భాషకూ మధ్య పని పంచిన తీరులో నాకు నచ్చింది కాట్లిన్. ఆ భాషలో దీనికి ప్రత్యేకించిన మాట ఒక్కటే, సస్పెండ్. ఎప్పుడు లేపాలి, ఏ థ్రెడ్ మీద, ఎలా రద్దు చేయాలి అన్న తతంగమంతా ప్రధానంగా లైబ్రరీలో ఉంటుంది. సస్పెండ్ అన్న ఫంక్షన్ని కంపైలరు ఆగే చోట్ల ముక్కలుగా కోస్తుంది. లోపలి విలువలనూ, తర్వాత ఎన్నో ముక్క నడపాలో చెప్పే ఒక అంకెనూ చిన్న ఆబ్జెక్టులో దాస్తుంది. స్టాకు మొత్తం మోయక్కర్లేదు. కాట్లిన్ పాఠంలో 50 వేల కోరూటీన్లు పుట్టించి, ఒక్కోటీ 5 సెకన్లు ఆగి ఒక చుక్క ప్రింట్ చేసే ఉదాహరణ ఉంది. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లకు ఇది ప్రాణం నిలిపింది. అక్కడ స్క్రీను నడిపే మెయిన్ థ్రెడ్డు వేలి తాకిడికి 5 సెకన్లు పలక్కపోతే యాప్ స్పందించడం లేదన్న పెట్టె వచ్చిపడుతుంది.

సీ ప్లస్ ప్లస్ కమిటీ 2020 ప్రమాణంలో మూడు కొత్త మాటలూ, లోపలి యంత్రాంగమూ ఇచ్చి, వాడుకునే టైపులు మాత్రం ఇవ్వకుండా వదిలేసింది. ఆ ఖాళీని లూయిస్ బేకర్ రాసిన సీపీపీకోరో లాంటి లైబ్రరీలు నింపాయి: ఎదురుచూపులకు టాస్క్, లేజీ వరసలకు జనరేటర్. ప్రమాణంలోకి జనరేటర్ వచ్చేసరికి సీ ప్లస్ ప్లస్ 23 అయింది. అక్కడొక గోతి ఉంది. కోరూటీన్‌కు రిఫరెన్సు పంపితే, అది ఆగి లేచేలోపు అసలు వస్తువే పోయి ఉండొచ్చు. కంపైలరు నోరు మెదపకపోవచ్చు.

పైథాన్‌లో గోతులు వేరు. తనంతట తాను వదలడమే కోరూటీన్ నియమం కాబట్టి, వదలనివాడు ఒక్కడుంటే అందరూ ఆగిపోతారు. అసింక్ ఫంక్షన్లో మామూలు టైమ్ మాడ్యూలు స్లీప్ పెడితే నిద్రపోయేది అదొక్కటే అనుకుంటాం, సర్వరంతా నిద్రపోతుంది. అసింక్ఐఓ స్లీప్ వాడాలి. పెద్ద లిస్టు సార్టింగు, పీడీఎఫ్ తయారీ లాంటి బండచాకిరీకి కోరూటీన్లు పనికిరావు. దానికి వేరే ప్రాసెసో థ్రెడ్డో కావలసిందే. అవెయిట్ రాయడం మరిస్తే పనే జరగదు, ఓ హెచ్చరిక లాగులో మూలన పడుంటుంది. ఒక ఫంక్షన్ అసింక్ అయితే దాన్ని పిలిచేదీ, దాన్ని పిలిచేదాన్ని పిలిచేదీ అసింక్ అవ్వాలి. ఈ అంటురోగం మీద బాబ్ నైస్ట్రమ్ 2015లో రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ తగవుల్లో వాడతారు. జావా వాళ్లు 2023లో జావా 21లో వర్చువల్ థ్రెడ్లు తెచ్చి, రెండు రకాల ఫంక్షన్లు లేకుండానే ఆ పని కానిచ్చారు. సర్వర్లకు అదే మేలైన దారేమో అని నాకూ అనిపిస్తుంది. ఆగే చోటు కోడులో కంటికి కనబడాలన్న చాదస్తం కొద్దీ నేనింకా సస్పెండ్ పక్షమే.

మా బస్సుల వెతుకులాటలో నేను ఎక్కువగా మెచ్చుకునేది రద్దు. మీరు వెనక్కి బటన్ నొక్కితే, ఆపరేటర్లకు వెళ్లిన ప్రశ్నలన్నీ ఏమవ్వాలి? పూర్వం అవి అలాగే తిరుగుతూ ఉండేవి. పిల్ల కోరూటీన్లన్నీ ఒక పరిధిలో పుట్టాలి, ఆ పరిధి మూయగానే అన్నీ ముగియాలి అన్న క్రమశిక్షణను 2016లో మార్టిన్ సుస్ట్రిక్, 2018లో నథానియల్ స్మిత్ వాదించి నిలబెట్టారు. కాట్లిన్ దీన్ని లైబ్రరీలోనే పెట్టింది. పైథాన్ 3.11లో టాస్క్‌గ్రూప్ వచ్చింది.

ఇక లేజీ వరసా, ఎదురుచూపూ రెండూ ఒకేసారి కావాలంటే? కాట్లిన్ లేజీ వరస అయిన సీక్వెన్స్ లోపల, కాసేపు ఆగమనే డిలే రాస్తే కంపైలరు ఒప్పుకోదు. ఆ వరస పగ్గాలు అడిగినవాడికే ఇవ్వగలదు, ఈవెంట్ లూప్‌కు ఇవ్వలేదు. విలువల వరసలో మధ్యమధ్య ఎదురుచూపులు కూడా ఉండాలంటే ఫ్లో అనే వేరే రకం వాడాలి. పైథాన్లో 2016 నుంచి అసింక్ జనరేటర్లున్నాయి. మా సైటు వెతుకులాట ఫలితాలు ఇప్పుడు ఫ్లోలోనే వస్తాయి. మొదట్లో రెండున్నర సెకన్ల గడువు పెట్టి, ఆలోపు రాని జవాబులు వదిలేసేవాళ్లం. గడువుకు కోడు ఒక్క లైనే, కానీ దానివల్ల ప్రతిసారీ జాబితాలోంచి జారిపోయేది పాత సర్వరు మీద నెట్టుకొచ్చే చిన్న ఆపరేటర్లే. ఇప్పుడు ఎవరి జవాబు వచ్చినప్పుడు వాళ్ల బస్సు స్క్రీను మీదికి ఎక్కుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లను ధర ప్రకారం పైకి చొప్పించాలా, అడుగున చేర్చాలా అన్న దాని మీద డిజైను వాళ్లకూ మాకూ ఇంకా తెగలేదు. జాబితా మధ్యలో కదిలితే వేలు వేరే బస్సు మీద పడుతుందని వాళ్ల వాదన. నూట యాభై రూపాయలు తక్కువకు దొరికే సీటు అడుగున ఉంటే ఎవరు చూస్తారని నాది.